కొలంబో ‘నెగటివ్ రియాక్షన్’ (1974): చివర్లో కెమెరా తీసే సీను సాంకేతికంగా నిలుస్తుందా? (ఇది ఫోరంలో చర్చ, ప్రతి భాగం మొదట్లో ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

చివరిసీను:

ఎపిసోడు చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కొలంబో అనే ఈ అమెరికన్ టీవీ డిటెక్టివ్ సీరియల్లో హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు కాబట్టి అది దాచేదేమీ కాదు గానీ, వాడు ఎలా దొరికిపోయాడన్నదే అసలు మజా. ఇక్కడ అడిగేదంతా దాని గురించే.

కథ మరిచిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. పేరుమోసిన ఫొటోగ్రాఫర్ పాల్ గలెస్కో (నటుడు డిక్ వాన్ డైక్) భార్య ఫ్రాన్సెస్‌ని ఊరవతల ఖాళీ ఇంటికి తీసుకెళ్లి కుర్చీకి కట్టేస్తాడు. గడియారం ముళ్లు రెండు గంటలకు తిప్పి, అప్పటికప్పుడు ఫొటో వచ్చే పోలరాయిడ్ కెమెరాతో గడియారం కూడా పడేలా ఫొటో తీస్తాడు. మొదటిది నచ్చక పొయ్యిలోకి విసిరి ఇంకోటి తీస్తాడు. తర్వాత ఆమెను కాల్చేస్తాడు. ఆ రెండో ఫొటో కిడ్నాపర్ పంపినట్టు పోలీసులకు చేరుతుంది. జైలు నుంచి విడుదలైన ఆల్విన్ డెష్లర్ నెత్తిన నేరం రుద్ది, అతన్నీ చంపేసి, ఎదురుకాల్పుల్లా కనపడాలని తన కాల్లో తనే కాల్చుకుంటాడు. కెమెరా డెష్లర్ గదిలో దొరికేలా ముందే ఏర్పాటు చేసుకుంటాడు.

చివర్లో కేసు చూసే పోలీసు డిటెక్టివ్ కొలంబో ఆ ఫొటోని పెద్దది చేసి చూపిస్తాడు. అందులో గడియారం పది గంటలు చూపిస్తుంటుంది. రెండింటికైతే గలెస్కో వేరేచోట ఉన్నాడు, పదింటికి మాత్రం అలిబి లేదు. ‘మీరు తిరగేసి ప్రింటు వేశారు’ అని గలెస్కో మండిపడతాడు. అసలు ఫొటో యాసిడ్‌లో పడి పోయిందని కొలంబో నసుగుతాడు. అయితే నెగటివ్ (నలుపుతెలుపులు తారుమారుగా పడే మూలబొమ్మ) ఉంటుంది కదా అని గలెస్కో అక్కడ వరసగా పెట్టిన కెమెరాల్లోంచి ఒకదాన్ని తీసి చూపిస్తాడు. సరిగ్గా హత్యకు వాడినదే. దాంతో కథ ముగుస్తుంది.

నా సందేహాలు ఇవి. పోలరాయిడ్ అంటే ఫొటో బయటికి వచ్చేస్తుంది కదా, లోపల నెగటివ్ మిగలడమేమిటి? ఫొటో అంత తేలిగ్గా కుడిఎడమలు మారిపోతుందా? యాసిడ్‌లో పడితే ఫొటో నిజంగా మాయమవుతుందా? ఇవన్నీ సరే అనుకున్నా, కెమెరా గుర్తుపట్టినంత మాత్రాన కోర్టులో హత్య రుజువైనట్టేనా?

పాతకెమెరా:

మొదటి ప్రశ్న చాలామందికి వస్తుంది. ఎందుకంటే పోలరాయిడ్ అనగానే మనకు మెదిలేది ముందు నుంచి తెల్ల అంచు ఫొటో జారుతూ వచ్చే కెమెరా. ఆ తరహాలో మొదటిది 1972లో వచ్చిన ఎస్‌ఎక్స్-70. దానిలో నెగటివ్, పాజిటివ్ ఒకే పలకలో కలిసి ఉంటాయి, విడదీసేదేమీ ఉండదు. హత్యకు అది వాడి ఉంటే ఈ క్లైమాక్సే లేదు.

దానికి ముందు రెండు రకాలు ఉండేవి. 1963లో మోడల్ 100తో వచ్చినది ప్యాక్ ఫిల్ము. దానిలో ట్యాబు లాగితే నెగటివ్, పాజిటివ్ ఒకదానికొకటి అంటుకుని ఉండగానే కెమెరా బయటికి వస్తాయి. బయటే నిర్ణీత సమయం ఆగి రెండూ ఒలిచి, నెగటివ్ పారేస్తాం. అంటే ప్యాక్ ఫిల్ము కెమెరా అయినా గలెస్కో వాదన నిలవదు, లోపల చూపించడానికేమీ ఉండదు.

అతని మాట నిజం కావాలంటే అంతకన్నా పాతదైన రోల్ ఫిల్ము కెమెరాయే అయ్యుండాలి. 1948 నవంబరులో బోస్టన్‌లో అమ్మకానికి పెట్టిన మోడల్ 95తో మొదలైన వరస ఇది. దాని లోపల రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి వెలుగు తగిలే నెగటివ్ కాయితం, రెండోది బొమ్మ దిగే పాజిటివ్ కాయితం. పాజిటివ్ చుట్టలో ఒక్కో ఫొటోకి ఒక్కో చిన్న పొట్లం అతికించి ఉంటుంది, అందులో చిక్కటి క్షార రసాయనం. మామూలు చుట్టకి ఎనిమిది ఫొటోలు.

ఫొటో తీశాక బయటికి కనిపిస్తున్న ట్యాబుని ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆగితే రసాయనం సమంగా పరుచుకోదు, ఫొటోకి అడ్డంగా చార పడుతుంది. లాగేటప్పుడు రెండు కాయితాలూ ఉక్కు రోలర్ల మధ్య నలుగుతాయి, పొట్లం పగిలి జిగురు మధ్యలో పరుచుకుంటుంది. బయటికి వచ్చిన ముక్కని అంచు మీద ఉన్న కత్తెర పట్టీకి ఆన్చి చింపేయాలి. తొలి రోజుల ఫిల్ముకి నిమిషం ఆగాలి, 1959 తర్వాత వచ్చిన 3000 స్పీడు (వెలుగుకి స్పందించే చురుకు) టైప్ 47కి పది సెకన్లు చాలు. అప్పుడు కెమెరా వెనక తలుపు తెరిచి, ముందే బెజ్జాలు కొట్టి ఉన్న అంచుల వెంట పాజిటివ్ ముక్కని మాత్రం జాగ్రత్తగా లేపి తీసుకోవాలి. నెగటివ్ ఎక్కడిదక్కడే, తలుపు వెనక గూట్లోనే ఉండిపోతుంది.

అది బయటికి రావాలంటే తర్వాతి ఫొటో తీసి మళ్లీ ట్యాబు లాగాలి. ఆఖరిగా తీసిన ఫొటో తాలూకు నెగటివ్ కెమెరాలో ఉంటుందని గలెస్కో అనడం పూర్తిగా సబబే. ఆ మాట అనగలిగినవాడికి రెండు విషయాలు తెలిసి ఉండాలి: ఏ కెమెరాయో, దానితో ఆఖరిగా తీసినది ఏ ఫొటోయో. రెండోది చాలామంది గమనించరు.

ఎర్రబల్బు:

డార్క్‌రూం (ఫొటోలు కడిగే చీకటిగది) సంగతులు నేను చెప్తాను. ఫొటో తిరగబడటం తేలికేనా అంటే, చాలా తేలిక. ఆ పనిలో ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిన పొరపాటే అది.

అప్పటికప్పుడు వచ్చే ఫొటోకి మళ్లీ ప్రింటు వేసుకునే నెగటివ్ చేతిలో ఉండదు కాబట్టి, పెద్దది చేయాలంటే ముందు ఆ ఫొటోనే ఇంకో ఫొటో తీయాలి. కాపీ స్టాండు మీద ఫొటోని పడుకోబెట్టి, రెండు పక్కలా 45 డిగ్రీల వాలులో దీపాలు పెట్టి, పై నుంచి కెమెరా బిగిస్తారు. దీపాలు ఇంకా పైకి జరిపితే ఫొటో నిగనిగ మీద తెల్లటి మెరుపు మచ్చ పడుతుంది. గ్రెయిన్ (బొమ్మలో కనిపించే చుక్కల గరుకు) తక్కువ కావాలి కాబట్టి ఆ రోజుల్లో ఇలాంటివాటికి ప్యానటామిక్-ఎక్స్ లాంటి 32 స్పీడు ఫిల్ము సరిగ్గా సరిపోయేది.

ఆ ఫిల్ము కడిగి ఆరబెట్టి ఎన్లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసి కాయితం మీద వేసే యంత్రం) క్యారియర్లో పెట్టేటప్పుడే మెలిక ఉంది. మసకగా ఉండే ఎమల్షన్ (బొమ్మ పడే పూత) వైపు కిందికి, కాయితం వైపు ఉండాలి. మెరిసే వైపు దీపం వైపు ఉండాలి. పై నుంచి చూస్తే అంచు మీది అంకెలు తిన్నగా చదవగలిగితే సరిగ్గా పెట్టినట్టు. తిరగేసి పెట్టినా ఫోకసులో తేడా ఏమీ కనపడదు, ఎందుకంటే ఫిల్ము మందం 0.13 మిల్లీమీటర్లు మాత్రమే, లెన్సు రంధ్రాన్ని రెండు స్టాపులు చిన్నది చేసి ప్రింటు వేస్తే ఆ తేడా మింగేస్తుంది. కాబట్టి ప్రింటు శుభ్రంగా, పదునుగా, కుడిఎడమలు మారి వస్తుంది. చూసినవాళ్లకి అనుమానం రాదు.

అనుమానం వచ్చేది బొమ్మలో ఉన్న వస్తువుల వల్లే. మన స్టూడియోల్లో దీనికి పైట చూసేవాళ్లు. పెళ్లి ఫొటోలో వరసగా నిలబడ్డ ఆడవాళ్లందరి పైటా కుడి భుజం మీద ఉంటే నెగటివ్ తిరగబడినట్టే (గుజరాతీ కట్టు పెళ్లి కాకపోతే). మగవాళ్ల చొక్కా జేబు కుడివైపుకి వస్తుంది. పాపిడి, మెడలో గొలుసు డాలరు మీద అక్షరం, గోడ మీద క్యాలెండరు, అన్నీ పట్టిస్తాయి. అమెరికన్ దుస్తుల్లో అయితే బొత్తాలు చూడాలి. ఆడవాళ్ల చొక్కాకి బొత్తాలు వాళ్ల ఎడమవైపు పట్టీకి కుడతారు, మగవాళ్లకి కుడివైపు. తిరగబడ్డ ఫొటోలో ఫ్రాన్సెస్ బొత్తాలు మగవాళ్ల పక్కకి వెళ్లాలి. కొలంబో అవేవీ చూపించడు, గడియారం ఒక్కటే చూపిస్తాడు. అది తెలివి.

ఇక యాసిడ్. ఇక్కడ కథ కొంచెం కుంటుతుంది. డార్క్‌రూంలో మామూలుగా ఉండే యాసిడ్ అంటే స్టాప్ బాత్, డెవలప్ కావడాన్ని ఆపే ద్రావణం. ఒకటి రెండు శాతం అసిటిక్ యాసిడ్, వెనిగర్ వాసన. ప్రింటు వేసే ప్రతి కాయితాన్నీ పావు నిమిషమో అర నిమిషమో అందులో ముంచే తీస్తాం. అందులో ఫొటో పడితే బొమ్మ చెరిగిపోదు. బొమ్మ చెరపాలంటే ఫెర్రీసైనైడ్ బ్లీచ్ లాంటిది కావాలి. పొటాషియం ఫెర్రీసైనైడ్, హైపో (ఫిక్సర్‌లో వాడే రసాయనం) కలిపితే ఫార్మర్స్ రెడ్యూసర్ అంటారు, గాఢంగా ఉంటే నిమిషాల్లో వెండి బొమ్మని తినేస్తుంది.

ఇంకోటి, కాపీ తీసేదంతా పొడి బల్ల మీద. రసాయనాల తొట్టెలు ఉండేది తడి బల్ల మీద. అసలు ఫొటో తడి బల్ల దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు. గలెస్కో లాంటి ఆరితేరినవాడికి ఈ కట్టుకథ వినగానే చిరాకుతో పాటు అనుమానం కూడా రావాలి. రాలేదు. ఎందుకు రాలేదన్నదానికి నాకు తోచింది చెప్తాను. ఎపిసోడంతా కొలంబో కెమెరాల గురించి ఏమీ తెలియనివాడిలా వెంటపడి ప్రశ్నలడుగుతాడు, గలెస్కో విసుగ్గా జవాబులిస్తాడు. చివరి సీనులో ఎదుట ఉన్నది డార్క్‌రూం పని చేతకాని పోలీసు అన్న నమ్మకం అతనికి గట్టిపడిపోయింది. చేతకానివాడు ఏ తొట్టెలో ఏది పడేసినా ఆశ్చర్యం లేదు. స్క్రిప్టు రాసిన పీటర్ ఎస్. ఫిషర్ అక్కడ రసాయనం సరిచూడటం కన్నా ఆ అహంకారం మీద ఎక్కువ బరువు పెట్టాడు. నాకైతే అది న్యాయంగానే అనిపిస్తుంది.

అద్దంలో_గంట:

గడియారం లెక్క కూడా చూడండి. అద్దంలో గంట కావాలంటే పన్నెండులోంచి తీసేయాలి. 2 అయితే 10. 2:20 అయితే 9:40. సరిగ్గా గంట మీద పెట్టడంలో ఒక లాభం ఉంది: నిమిషాల ముల్లు పన్నెండు మీద ఉంటే తిరగేసినా అక్కడే ఉంటుంది, గంటల ముల్లు ఒక్కటే పక్క మారుతుంది. చూసే ప్రేక్షకుడికి ఒక్క చూపులో అర్థమవుతుంది. 2:20 పెట్టి ఉంటే రెండు ముళ్లూ మారి, సీను మధ్యలో లెక్కలు చెప్పాల్సి వచ్చేది.

ముళ్ల అమరిక చూసి తిరగేసిన సంగతి పట్టుకోవచ్చా అంటే కుదరదు. ఏ సమయాన్ని తిరగేసినా వచ్చేది కూడా సరైన సమయమే. 2:20కి గంటల ముల్లు రెండు దాటి మూడో వంతు ముందుకు వెళ్లి ఉంటుంది, తిరగేస్తే పదికి మూడో వంతు వెనక, అంటే సరిగ్గా 9:40కి ఉండాల్సిన చోటే ఉంటుంది. ముళ్లు ఆ గుట్టు చెప్పవు. అంకెలే చెప్పాలి. రోమన్ అంకెలైతే మరీ గడ్డు: మూడో గంట గుర్తు తిరగేసినా అదే, పన్నెండు గుర్తు తిరగేసినా దూరం నుంచి పట్టలేం. మామూలు అంకెలైతే 2, 3, 4, 5, 7 వెంటనే పట్టిస్తాయి. 8, 0, 1 పట్టించవు.

ఇంట్లో పరీక్షించాలంటే వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో ఆ సీను దగ్గర పాజ్ చేసి, ‘ఇ’ (E) కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేము ముందుకు జరపండి. గడియారం నిండుగా కనిపించే ఫ్రేము దొరికాక కంట్రోల్ పట్టుకుని ‘ఇ’ నొక్కితే ఎఫెక్ట్స్ కిటికీ తెరుచుకుంటుంది. వీడియో ఎఫెక్ట్స్‌లో జామెట్రీ, అందులో ట్రాన్స్‌ఫార్మ్ టిక్కు పెట్టి, అడ్డంగా ఫ్లిప్ ఎంచుకోండి. మొదట్లో గలెస్కో తీసిన ఫొటో, చివర్లో కొలంబో పెట్టిన ఎన్లార్జ్‌మెంటు పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

ప్లీడరుగుమస్తా:

నాలుగో ప్రశ్నకి క్లుప్తంగా. కెమెరా తీయడం వల్ల రుజువయ్యేది హత్య కాదు, ఏ కెమెరాయో అతనికి తెలుసన్న సంగతి. డెష్లర్ గదిలో దొరికిన కెమెరా ఇదేనని అతనికెలా తెలుసు? పోలీసులు అంతకుముందు దాన్ని అతనికి చూపించి ఉంటే ఈ ఉచ్చు ఉచ్చే కాదు. కొలంబో దాన్ని చూపించకుండా దాచి, చివర్లో మిగతా కెమెరాల మధ్య పెట్టడంలోనే పనంతా ఉంది. తర్వాత గదిలో ఉన్న పోలీసుల్ని ఒక్కొక్కరినీ మీరు చూశారా చూశారా అని అడగడం వింతగా కనిపిస్తుంది గానీ, అది సాక్షుల్ని అక్కడికక్కడే స్థిరపరచడం. రికార్డింగు లేని గదిలో అదే అసలు దస్తావేజు.

డిఫెన్సు వకీలు మొదట పట్టుకునేది కస్టడీ. అమెరికా సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన మిరాండా తీర్పు ప్రకారం నిర్బంధంలో ప్రశ్నించేముందు హక్కులు చెప్పాలి. గలెస్కో అప్పటికి నిర్బంధంలో ఉన్నట్టా కాదా అన్న వాదన వస్తుంది. అతనే నోరుజారాడు, ప్రశ్నకి జవాబుగా కాదు అని ప్రాసిక్యూషన్ అంటుంది.

మన దగ్గర అయితే పోలీసులకిచ్చిన నేరాంగీకారం చెల్లదు, కానీ నిందితుడి ప్రవర్తన సాక్ష్యంగా పనికొస్తుంది. పాత సాక్ష్య చట్టంలో 8వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 6వ సెక్షను. కానీ పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసుల్లో గొలుసులో ఒక్క లంకె తెగినా లాభం లేదని శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో 1984 సుప్రీంకోర్టు తీర్పు నుంచి మన కోర్టులు పట్టుబడుతున్నాయి. కెమెరా ఒక్కదానితో కాదు. పొయ్యిలో దొరికిన ఫొటో, డెష్లర్‌ని చంపిన పాత ఇనుప సామాన్ల యార్డులో తూలుతూ తిరిగే తాగుబోతు (నటుడు విటో స్కాటీ) విన్న రెండు తుపాకీ చప్పుళ్ల మధ్య ఎడం (ఎదురుకాల్పులైతే అంత ఉండదు), ఇవన్నీ కలిపితేనే.

చివరిసీను:

అందరికీ ధన్యవాదాలు. పాతకెమెరా గారూ, ఒక మెలిక మిగిలిపోయింది. ఆ గూట్లో ఉండే నెగటివ్ కాయితం అన్నారు కదా. కాయితాన్ని వెనక నుంచి చూడలేం. మరి దాని మీద గడియారం ఎంత చూపిస్తుంది? నాకు లెక్కేస్తే అది కూడా తిరగబడే కనిపించాలి అనిపిస్తోంది.

పాతకెమెరా:

మీ లెక్క కరెక్టే, మంచి ప్రశ్న. లెన్సు వేసే బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఆ తలకిందుల బొమ్మని కెమెరా వెనక నుంచి, గాజు గుండా చూస్తే సగం చుట్టు తిప్పితే సరిపోతుంది, కుడిఎడమలు మారవు. సెల్యులాయిడ్ ఫిల్ముని మనం అలా వెనక వైపు నుంచి చూడగలం. కాయితం నెగటివ్‌ని మాత్రం లెన్సుకి ఎదురుగా ఉన్న ముఖం మీదే చూడాలి. అటు నుంచి చూస్తే తలపైకి తిప్పి పట్టుకున్నా కుడిఎడమలు మారే ఉంటాయి. పాజిటివ్ కాయితం దాని ముఖానికి ముఖం ఆనించి బొమ్మ దింపుకుంటుంది కాబట్టి అక్కడ మళ్లీ ఒకసారి మారి, చేతికొచ్చే ఫొటో సరిగ్గా వస్తుంది.

అంటే గలెస్కో తీసిన ఫొటో రెండు చూపిస్తే, గూట్లో ఉన్న నెగటివ్ పది చూపిస్తుంది! నల్లటి గడియారం ముఖం మీద తెల్లటి ముళ్లు, పది గంటలు. పక్కన నిలబడ్డ పోలీసుకి చూపిస్తే ‘అదిగో పదే’ అంటాడు. నెగటివ్ పది చూపిస్తోంది కాబట్టే అసలు ఫొటో రెండు చూపించి ఉండాలి అని గలెస్కో విడమరిచి చెప్పాల్సి వచ్చేది. అతని వాదన భౌతికశాస్త్రం ప్రకారం గెలుస్తుంది, వినేవాళ్లకి మాత్రం ఓడినట్టు కనిపిస్తుంది. కొలంబోకి ఆ గొడవతో పని లేదు, అతనికి కావాల్సింది చెయ్యి ఏ కెమెరా మీదకి వెళ్లిందన్నదే.

ఎస్‌ఎక్స్-70లో వెలుగు పడిన వైపు నుంచే ఫొటో చూస్తాం కాబట్టి అది తిరగబడకుండా లోపల అద్దం పెట్టాల్సి వచ్చింది, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా.

ఎర్రబల్బు:

దీనికి కొసరు. గలెస్కో రెండు ఫొటోలు తీశాడు. రెండోసారి ట్యాబు లాగినప్పుడు మొదటి ఫొటో నెగటివ్, దాని చుట్టూ ఉన్న కాయితం చట్రంతో సహా కెమెరా బయటికి వచ్చి, కత్తెర పట్టీ దగ్గర చింపాల్సి ఉంటుంది. ఆ ముక్క కూడా హత్య జరిగిన గదిలోనే చేతికొస్తుంది, జిగురుతో తడిగా. అది ఏమైంది? పొయ్యిలో వేస్తే మొదటి ఫొటోతో పాటే దొరకాలి. జేబులో పెట్టుకుంటే క్షారం బట్టకి పట్టి మరక పడుతుంది. మొదటి ఫొటో ఎందుకు పారేశాడన్న ప్రశ్నకి కొలంబో ఇచ్చిన జవాబు (డబ్బు కోసం ఎత్తుకెళ్లినవాడికి కంపోజిషన్ నచ్చకపోవడం ఏమిటి, అది ఫొటోగ్రాఫర్ బుద్ధి) నాకు ఎపిసోడంతటిలోనూ ఇష్టమైన ఆధారం. ఆ చెత్త ముక్క కూడా తోడైతే ఇంకా బిగిసేది.

అలాగే కోటింగు. రోల్ ఫిల్ము నలుపుతెలుపు ఫొటోలు తీసిన వెంటనే, ఫిల్ముతో పాటు ఇచ్చే గొట్టంలోని తడి స్పాంజి పట్టీతో పై నుంచి కిందికి ఒకే దిశలో పూత పూయాలి. పూయకపోతే చుట్టుకుపోయి, కొన్నాళ్లకి వెలిసిపోతుంది. పూసిన ఫొటో ఆరేదాకా జిగటగా ఉంటుంది, ఆరకముందే కవరులో పెడితే అంటుకుపోతుంది.

చివరిసీను:

అద్భుతం. ఆ నెగటివ్ పది చూపిస్తుందన్నది చేతో చేసి చూడాలని ఉంది. ఇప్పుడు ఆ ఫిల్ము దొరుకుతుందా? ఇంకోటి, ఎపిసోడు ఏ కాపీ చూస్తే గడియారం బాగా కనిపిస్తుంది?

అద్దంలో_గంట:

కాపీ సంగతి: అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో 1974 అక్టోబరు 6న వచ్చినప్పటి ఆకారం 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు). తెర నిండాలని పైనా కిందా కోసిన కాపీల్లో బల్లల మీద, గోడల మీద ఉన్నవి కొన్ని తెగిపోతాయి, కాబట్టి పక్కల నల్ల పట్టీలు ఉన్న కాపీయే ఎంచుకోండి. యూరప్ డీవీడీల్లో బొమ్మ సెకనుకి 24 బదులు 25 ఫ్రేములు పరిగెడుతుంది, ప్రతి 25 నిమిషాలూ 24 అవుతాయి, గొంతులు కాస్త పల్చబడతాయి. బొమ్మకి నష్టం లేదు గానీ ఇక్కడ ఎవరైనా ‘ఫలానా నిమిషం దగ్గర చూడండి’ అని చెప్పుకున్నప్పుడు లెక్కలు కలవవు.

పాతకెమెరా:

రోల్ ఫిల్ము 1992లోనే ఆపేశారు. పాత కెమెరాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి గానీ ఫిల్ము లేక అలంకారానికే. మీకు కావాల్సింది కాయితం నెగటివ్ ఎలా కనిపిస్తుందో చూడటం కాబట్టి, ప్రింటింగు కాయితం ఉంటే చాలు.

ఎర్ర బల్బు వెలుగులో నలుపుతెలుపు ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాయితం నుంచి పాత 35 ఎంఎం కెమెరా గేటుకి (ఫిల్ము మీద వెలుగు పడే చట్రం) సరిపడేంత ముక్క కత్తిరించి, నిగనిగలాడే వైపు లెన్సుకి ఎదురుగా టేపుతో అతికించండి. కాయితం స్పీడు 6 అనుకుని లెక్కేయండి: మంచి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్16 దగ్గర ఆరో వంతు సెకను దగ్గరికి వస్తుంది, కాబట్టి ఎనిమిదో వంతు, నాలుగో వంతు రెండూ తీయండి. గోడ గడియారాన్ని రెండు గంటలకు తిప్పి ఆరుబయట నీడ పడని చోట పెట్టండి. ట్యూబులైటు, బల్బు వెలుగులో ప్రయత్నించకండి. ఈ కాయితం నీలం వెలుగుకే బాగా స్పందిస్తుంది, పసుపు బల్బు కింద నిమిషాల తరబడి తెరిచి ఉంచాల్సి వస్తుంది.

కడగడం మామూలు ప్రింటు లాగే. పేపరు డెవలపర్లో నిమిషం నుంచి నిమిషంన్నర, స్టాప్ బాత్, ఫిక్సర్, నీళ్లు. ముక్క చిన్నది కాబట్టి చిమటాతో అంచు పట్టుకోండి, గోరు తగిలితే తడి ఎమల్షన్ మీద గీత పడుతుంది. మొత్తం నల్లగా వస్తే వెలుగు ఎక్కువైంది, బూడిదగా చప్పగా వస్తే గేటు పక్క నుంచి వెలుగు కారింది, టేపు సరిగ్గా వేయండి. ఆరాక భూతద్దంతో చూస్తే తెల్ల ముల్లు పది మీద ఉంటుంది.